నోట్‌బుక్‌లో రాసుకున్న నక్క కథ నా స్నేహితురాలు చదివేసింది

గుంటూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ఉత్తరం ఇది. తన పేరు, కాలేజీ పేరు వద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాం.

ఆమెది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన జంతువుల కథలంటే ప్రాణం. రెండో సంవత్సరం నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఏరోజు సంగతులు ఆరోజు కథలుగా రాసుకుంటున్నారు. లాడ్జి సెంటర్‌లో షేర్ ఆటోవాడితో చిల్లర గొడవ, మెస్సులో ఆఖరి వాళ్లకు పెరుగు మిగలకపోవడం, ఇంటర్నల్ మార్కులు, ఏది జరిగినా అందులోని మనుషులకు సరిపోయే జంతువుల్ని వెతికి కథ కట్టడం అలవాటు. బ్రాడీపేటలోని లేడీస్ హాస్టల్లో నలుగురుండే గది. అందులో ఒకమ్మాయి మొదటి సంవత్సరం నుంచీ ప్రాణ స్నేహితురాలు. రేపల్లె వైపు పల్లె నుంచి, తెలుగు మీడియంలో చదువుకుని వచ్చింది. ఇద్దరూ ఒకే మినీ ప్రాజెక్టు బ్యాచ్, అందులోనూ నలుగురు.

నెలన్నర కిందట బ్యాచ్‌లోని మరో అమ్మాయి ఒక కబురు తెచ్చింది. "నీ ఫ్రెండు గైడ్ సార్‌తో ప్రాజెక్టంతా తనే చేశానని చెప్పిందే. కావాలంటే చూసుకో, నువ్వు పక్కకి వస్తే లాప్‌టాప్ మూసేస్తుంది. ల్యాబ్‌కి కూడా నీకోసం ఆగకుండా వెళ్లిపోతుంది" అంది. మర్నాడు అచ్చం అలాగే జరిగింది. ఆ రాత్రి ఈమె నోట్‌బుక్‌లో నీలినక్క కథ రాశారు. సార్ ముందు ఇంగ్లిష్ మాట్లాడే నక్క అది. "ఒక్క వాన పడితే రంగు దిగిపోతుంది, రేపల్లె ప్యాసింజర్ కూత వినపడగానే ఊళ పెడుతుంది" అని ముగించారు. నాలుగు రోజుల తర్వాత ఆ స్నేహితురాలు కాలిక్యులేటర్ కోసం షెల్ఫ్ వెతుకుతూ నోట్‌బుక్ తెరిచింది. చదివి, ఆ పేజీలో చిన్న చీటీ పెట్టింది: "నేను నక్కనా?" అప్పటి నుంచి మాటల్లేవు. సెమిస్టర్ పరీక్షలయ్యాక వేరే గది ఇవ్వమని వార్డెన్‌ను అడిగిందట. ప్రాజెక్టు రివ్యూకి ఇంక మూడు వారాలుంది.

ఈలోగా ఈ కథల గురించి తెలిసిన తెలుగు మేడమ్, కాలేజీ వార్షిక సంచికకు నాలుగు కథలు ఇవ్వమన్నారు. ఉన్నవాటిలో బాగా కుదిరింది ఆ నీలినక్క కథే. ఆమె అడుగుతున్నారు: "నేను రాసింది నిజమైతే క్షమాపణ ఎందుకు చెప్పాలి? నా నోట్‌బుక్ తను చదవడం తప్పు కాదా? కబురు తెచ్చిన అమ్మాయిని నలుగురిలో నిలదీయాలా? కథలు సంచికకు ఇవ్వనా, నోట్‌బుక్ తగలబెట్టనా? అసలు మా ముగ్గురిలో నక్క ఎవరు?"

సమాధానం

మీరు ఆఖర్న అడిగిన ప్రశ్నే మిగతా ప్రశ్నలన్నిటికీ అడ్డుపడుతోంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం. నక్క ఎవరో తేలితే ఎవరితో ఎలా ఉండాలో తేలుతుందని మీరు అనుకుంటున్నారు. పంచతంత్రం చదివితే అది అలా తేలే లెక్క కాదు.

మిత్రభేదం కథ మీకు బాగా తెలిసే ఉంటుంది. పింగళకం అనే సింహం, సంజీవకం అనే ఎద్దు ప్రాణస్నేహితులవుతాయి. దమనకం అనే నక్క వాటిని విడదీస్తుంది. ఎలా విడదీసింది అన్నది చాలామంది గబగబా దాటేస్తారు. మీరు అక్కడే ఆగాలి. దమనకం ముందు సింహం దగ్గరికి పోయి, ఎద్దు నీ రాజ్యం మీద కన్నేసిందని చెబుతుంది. తర్వాత ఎద్దు దగ్గరికి పోయి, సింహం నిన్ను చంపబోతోందని చెబుతుంది. ఎద్దు వెంటనే నమ్మదు, నాకెలా తెలుస్తుందని అడుగుతుంది. దానికి నక్క గుర్తులు చెబుతుంది. కళ్లెర్రజేసి, కనుబొమలు ముడిచి, నాలుకతో మూతి నాక్కుంటూ నీవైపు చూస్తే కోపంగా ఉన్నట్టే అంటుంది. అటు సింహానికీ గుర్తులు చెప్పి ఉంచుతుంది. ఎద్దు ఎప్పట్లా కాకుండా బెదురుతూ, కొమ్ములు సిద్ధం చేసుకుని వస్తే అనుమానం అక్కర్లేదంటుంది. ఇక రెండూ ఎదురుపడతాయి. చంపుతుందేమోనన్న భయంతో ఎద్దు బిగుసుకుని వస్తుంది. ఆ బిగింపు చూసి సింహం గుర్రుమంటుంది. ఎవరికి చెప్పిన గుర్తు వాళ్లకు కళ్లెదుట కనిపిస్తుంది. గుర్తులు నిజమే, వాటిని పుట్టించింది మాత్రం నక్క చెప్పిన మాట. రెండింటిలో ఏ ఒక్కటీ నోరు తెరిచి, "నా గురించి నీకెవరేం చెప్పారు?" అని అడగదు.

ఇప్పుడు మీకొచ్చిన కబురు మళ్లీ చదవండి. అందులో రెండు ముక్కలున్నాయి. సార్‌తో ఇలా అంది అన్నది ఒకటి. లాప్‌టాప్ మూసేస్తుంది, ల్యాబ్‌కి ఆగదు అన్నది రెండోది. మీరు మర్నాడు కళ్లతో చూసింది రెండోది. దాన్ని చూసి మొదటిది నిజమని నమ్మేశారు. ఆ ఉదయం మీ ముఖం ఎలా ఉందో మీకు తెలియదు కదా. రాత్రంతా నిద్ర లేక, పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చిన మనిషి దగ్గర ఎవరైనా లాప్‌టాప్ మూసేసి లేచిపోవచ్చు. మీ స్నేహితురాలి చెవిలో కూడా మీ గురించి ఏదో పడి ఉండొచ్చు. పడిందని మేం అనడం లేదు. మీరు అడగలేదు కాబట్టి మీకూ తెలియదు, మాకూ తెలియదు అంటున్నాం. ఎవరైనా కబురు చెప్పి, దానితోపాటు చూడాల్సిన గుర్తులు కూడా అప్పజెప్పి వెళితే, ఆ గుర్తుల్ని రుజువుగా లెక్కలోకి తీసుకోకూడదు. మిత్రభేదంలో మీకు ఇవాళ పనికొచ్చేది ఇదే.

అలాగని కబురు తెచ్చిన అమ్మాయే నక్క అని మీరు తేల్చేసుకుంటే, పాత తప్పే కొత్త మనిషి మీద చేసినట్టవుతుంది. ఆమె చెప్పినదాని వెనక కనీసం మూడు రకాల సంగతులుండొచ్చు. ఒకటి, ఆమె సగం విని ఉండొచ్చు. గైడ్ "ఈ మాడ్యూల్ ఎవరు చేశారు?" అని అడిగితే మీ స్నేహితురాలు "నేనే సార్" అని ఉండొచ్చు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి అది "అంతా నేనే" అని వినపడుతుంది. రెండు, తన వాటా పని తక్కువైందన్న భయంతో, మీరిద్దరూ ఒక్కటిగా లేకపోతే తనకు నయమనుకుని ఉండొచ్చు. మూడు, కావాలనే పుల్లలు పెట్టి ఉండొచ్చు. మూడింటికీ మీరు చేయాల్సిన మొదటి పని ఒకటే. ఆమెను పక్కకు పిలిచి, కోపం లేకుండా, ఆ మాట అన్నప్పుడు నువ్వక్కడ ఉన్నావా, సార్ ఏమడిగారు, తను సరిగ్గా ఏ మాటలన్నది, ఇంకెవరున్నారు అని అడగండి. సగం విన్న మనిషి ఈ ప్రశ్నలకు తడబడినా జవాబిస్తుంది. భయంతో చెప్పిన మనిషి మాట తన పని మీదికి మళ్లిస్తుంది. పుల్లలు పెట్టిన మనిషి జవాబు బదులు ఇంకో కొత్త కబురు చెబుతుంది. కొత్త కబురు రాగానే, "అది తర్వాత, ముందు ఇది చెప్పు" అనండి.

పంచతంత్రంలోని నక్కలన్నీ ఒకటి కావన్నది కూడా గుర్తు చేసుకోండి. దమనకం కొండేలు చెబుతుంటే, దాని తోడునక్క కరటకం వద్దని మందలిస్తూనే ఉంటుంది. తన గుహలో సింహం నక్కి ఉందేమోనని అనుమానించి, గుహనే పలకరించి ప్రాణం దక్కించుకున్నదీ నక్కే. యుద్ధభూమిలో భేరీ చప్పుడుకు మొదట హడలిపోయి, అసలు సంగతి దగ్గరికి వెళ్లి చూసి తెలుసుకున్నదీ నక్కే. ఆశకు పోయి వింటినారి కొరికి, విల్లు తగిలి చచ్చిందీ నక్కే. సింహాలూ అంతే. కుందేలు మాట నమ్మి బావిలో దూకిన భాసురకం ఉంది, స్నేహితుణ్ని చంపుకుని ఏడ్చిన పింగళకం ఉంది. ఆ కథలు కట్టినవాళ్లకు జంతువు పేరు ఒక సమయంలో వేసిన ఒక ఎత్తు. మీ నోట్‌బుక్‌లో అది మనిషికి అంటించిన చీటీ అయిపోయింది. కథలో నక్క రేపు మారదు, మీ గదిలో అమ్మాయి రేపు మారొచ్చు. అందుకే ఒకే మనిషికి రెండోసారి అదే జంతువును వాడబోతున్నప్పుడు కలం ఆపి ఆలోచించండి.

ఇక నీలినక్క. మీకు బహుశా తెలియని సంగతి ఇక్కడొకటుంది. చండరవం అనే నక్క రంగులవాడి నీలిమందు తొట్టిలో పడడం, అడవి జంతువులు దాన్ని దేవుడు పంపిన రాజనుకోవడం, చివరికి తోటి నక్కల ఊళ విని ఆపుకోలేక తనూ ఊళ పెట్టి దొరికిపోవడం మీకు తెలుసు. సంస్కృత పంచతంత్రంలో ఈ కథ ఎవరు ఎవరికి చెబుతారో చూశారా? దమనకం పింగళకానికి చెబుతుంది. ఎద్దు మీద సింహం మనసు విరిచేందుకు వాడిన కథల్లో ఇదొకటి. దానికి ముందు చెప్పిన పేను-నల్లి కథ కూడా అందుకే. కథలో తప్పేమీ లేదు, నీతి కూడా నిజమే. చెప్పిన నోరు, చెప్పిన వేళ, చెప్పిన అవసరం వేరు. పంచతంత్రంలో ప్రతి కథనూ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి, ఏదో ఒక పని జరగడం కోసం చెబుతారు. ఆ రాత్రి మీరూ ఆ కథను మీకు మీరే చెప్పుకున్నారు. స్నేహితురాలి మీద మీ మనసు గట్టిపడడానికి అది పనికొచ్చింది.

ఇంకో సంగతి. నీలినక్క చేసిన తప్పు రంగు పూసుకోవడం కాదు. తొట్టిలో పడింది ప్రమాదవశాత్తు. రాజయ్యాక తన జాతి నక్కల్నే తరిమేసింది, తనవాళ్లను వదిలి పరాయివాళ్లను దగ్గర చేసుకున్నవాడికి ముప్పు తప్పదని ఆ కథలో శ్లోకం చెబుతుంది. మీరు రాసిన కథలో తరమడం లేదు. రంగు దిగడం ఉంది, రేపల్లె ప్యాసింజర్ కూత ఉంది. తెలుగు మీడియంలో చదివి వచ్చి, మూడేళ్లు కష్టపడి సార్ ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడడం నేర్చుకున్న పిల్లకు ఆ వాక్యం ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. ప్రాజెక్టు తనే చేశానని చెప్పిందో లేదో అన్న గొడవ ఆమెకు పెద్దది కాదు. "నువ్వెంత నేర్చుకున్నా నీ అసలు రంగు ఇంతే" అని, అదే దారిలో పల్లె నుంచి వచ్చిన మీరు అన్నారు. "నేను నక్కనా?" అన్న చీటీ మీద జవాబు చెప్పాల్సింది దానికి. నేను రాసింది నిజమైతే క్షమాపణ ఎందుకు అన్నారు. సార్‌తో మాట నిజమే అయినా ఆ రేపల్లె వాక్యం నిజం కాదు. దానికి క్షమాపణ చెప్పితీరాలి. ఈ ఒక్క విషయంలో మేం మీకు వేరే దారి చూపించలేం.

నోట్‌బుక్ చదవడం ఆమె తప్పు కాదా అంటే, తప్పే. పక్కవాళ్ల పుస్తకం తెరిచి చదవకూడదు. మీ కోపంలో న్యాయముంది. అయితే క్షమాపణ చెప్పే రోజున ఆ మాట ఎత్తితే, అది క్షమాపణ కాకుండా బేరమవుతుంది. మాటలు మళ్లీ కలిశాక, కనీసం ఒక వారం పోయాక చెప్పొచ్చు.

ఎలా చెప్పాలన్నదానికి మీ ముందు మూడు దారులున్నాయి. ఎదురుగా మాట్లాడడం ఒకటి. దానికి గది పనికిరాదు, మిగతా ఇద్దరూ వింటుంటారు, ఆమెకు లేచిపోయే వీలుండదు. పరీక్ష ముందురోజు రాత్రీ వద్దు. ఆదివారం పొద్దున టిఫిన్‌కి వెళ్లేటప్పుడో, సాయంత్రం బయటికి నడిచేటప్పుడో, "ఒక పది నిమిషాలు మాట్లాడాలి, ఇవాళ కుదరకపోతే ఎప్పుడో నువ్వే చెప్పు" అని ముందు అడగండి. కాదంటే ఆ రోజుకు వదిలేయండి. రెండోది చేత్తో రాసిన ఉత్తరం. మాట మొదలుపెట్టగానే ఏడుపొచ్చే స్వభావమైతే ఇదే మంచిది. అర పేజీ దాటకూడదు. పొడవు పెరిగేకొద్దీ అది సంజాయిషీ అవుతుంది. మూడోది వాట్సాప్. అది మాత్రం వద్దంటున్నాం. నీలం టిక్కులు పడ్డాక జవాబు రాకపోతే మీరు ఇంకో మెసేజ్ పెడతారు, దానిమీద ఇంకోటి. పైగా స్క్రీన్‌షాట్ తీస్తే ఆ మాటలు బ్యాచ్ మొత్తానికీ చేరతాయి.

ఏ దారైనా చెప్పాల్సినవి మూడు మాటలు. ఆ కథ నేనే రాశాను, నీ గురించే రాశాను. ఎవరో చెప్పిన మాట నిన్ను అడక్కుండా నమ్మి రాశాను. మీ ఊరి గురించి, నీ ఇంగ్లిష్ గురించి రాసింది అన్యాయం, దానికి ఏ కారణమూ చెప్పను. ఇంతే. "కానీ" అన్న మాట రాకూడదు. "నువ్వు కూడా" అన్న మాట రాకూడదు. "సరదాకి రాశాను" అన్నది మరీ ఘోరం. సరదాగా రాసి ఉంటే ఆమెకు నవ్వొచ్చేది.

ఆమె ఆ తర్వాత మాట్లాడితే, అప్పుడు అడగండి: "ఆ రోజు సార్ దగ్గర ఏం జరిగింది? నేను విన్నది వేరుగా ఉంది." ఎవరు చెప్పారని ఆమె అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. పేరు చెప్పడం మీ ఇష్టం. చెబితే ఇద్దరి మధ్యా దాపరికం పోతుంది, కానీ రివ్యూకి ముందే బ్యాచ్‌లో ఇంకో తగవు మొదలవ్వొచ్చు. చెప్పకపోతే తగవు ఆగుతుంది, కానీ ఆమె ఎవరెవరినో అనుమానిస్తూ ఉంటుంది. మధ్యేమార్గం ఒకటుంది. "పేరు రివ్యూ అయిన మర్నాడు చెబుతాను" అనండి, అన్నట్టే చెప్పండి. కబురు తెచ్చిన అమ్మాయిని ముందే అడిగి ఉంటారు కాబట్టి, అప్పటికి మీ దగ్గర ఒట్టి పేరు కాకుండా ఆమె ఇచ్చిన జవాబు కూడా ఉంటుంది.

ఆ అమ్మాయిని నలుగురిలో నిలదీయాలా అని అడిగారు. పంచతంత్రం కథ ముగింపు ఇక్కడ పనికొస్తుంది. సంస్కృత కథలో దమనకానికి ఏ శిక్షా పడదు. సింహం ఏడుస్తుంటే ఓదార్చి, మంత్రిగా హాయిగా ఉండిపోతుంది. ఈ కథలు 6వ శతాబ్దంలో పహ్లవీ అనే పాత పారశీక భాషలోకి, 8వ శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్లాయి. అక్కడ కరటకం, దమనకం పేర్లు కలీలా, దిమ్నా అయ్యాయి. అరబ్బీలో రాసిన ఇబ్న్ అల్ ముఖఫ్ఫాకు ఆ ముగింపు మింగుడుపడలేదేమో, దిమ్నాను విచారించి శిక్షించే అధ్యాయం ఒకటి కొత్తగా చేర్చాడు. ఆ అధ్యాయం కావాలని మీకూ ఉంది. ఆ కోరికలో తప్పులేదు. అయితే అక్కడ విచారణకు సాక్షులున్నారు, న్యాయం చెప్పేవాళ్లున్నారు. మీ బ్యాచ్‌లో అవేమీ లేవు. నిలదీస్తే ఆమె కాదంటుంది, మిగిలిన నాలుగో మనిషి ఎటో ఒకటు చేరాలి, గైడ్‌కు మీ తగవు తెలుస్తుంది, మూడు వారాల్లో అదే నలుగురూ ఒకే టేబుల్ ముందు నిలబడాలి. పక్కకు పిలిచి అడిగితే నలుగురి ముందు పరువు పోయిందన్న పంతం ఆమెకుండదు, తప్పు ఒప్పుకునే వీలుంటుంది. ఒప్పుకోకపోయినా, మీరు ఆరా తీస్తారని తెలుస్తుంది. రెండోసారి కబురు తేవడానికి వెనకాడుతుంది. మాకు ఇదే మేలనిపిస్తోంది. అయినా వాళ్ల స్వభావాలు దగ్గరుండి చూసింది మీరు.

ప్రాజెక్టు సంగతి త్వరగా చూద్దాం, ఎందుకంటే అది కథలతో తేలేది కాదు, కాగితంతో తేలుతుంది. ఒక తెల్ల కాగితం మీద మాడ్యూళ్ల పేర్లు రాయండి. డేటాబేస్, స్క్రీన్లు, లాగిన్, రిపోర్టు, టెస్టింగ్, పీపీటీ, ఏవుంటే అవి. ఒక్కోదాని ఎదురుగా ఎవరు చేశారో, ఎంతవరకు అయిందో, ఫైలు ఎవరి దగ్గరుందో రాయండి. మీరు ఎవరి పనైనా వాళ్లకు చెప్పకుండా చేసిపెట్టి ఉంటే అది కూడా రాయండి. హితోపదేశంలో, దొంగ వస్తే కుక్క చేయాల్సిన పని గాడిద తన నెత్తిన వేసుకుని ఓండ్ర పెడుతుంది. నిద్ర చెడిన చాకలి లేచి దాన్నే బాదుతాడు. రిపోర్టు మొత్తం మీరొక్కరే టైప్ చేశానని ఉత్తరంలో రాశారు కదా, ఆ మాట గైడ్‌కు తెలియకపోవడం మీ కోపంలో సగం అని మా అనుమానం. నలుగురూ ఆ కాగితం చూసి సంతకాలు పెట్టి గైడ్‌కు ఇస్తే, ఎవరు ఏమన్నారన్న గొడవకు చోటే ఉండదు. రివ్యూలో ఎవరి మాడ్యూల్ గురించి వాళ్లనే అడుగుతారు కాబట్టి, చేయనిది చేశానని చెప్పుకున్నా రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఇక వార్షిక సంచిక. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే మీరు ఉత్తరంతో పంపిన పేజీలు చదివాం, మీకు రాయడం వచ్చు. నీలినక్క కథ ఇప్పుడున్న రూపంలో ఇవ్వకండి. "రేపల్లె" తీసేసి "బాపట్ల" అని మార్చినా చాలదు. ఒక చిన్న పరీక్ష ఉంది. మీ హాస్టల్ అమ్మాయిలు ముగ్గురు చదివి, "ఇది ఫలానా అమ్మాయే" అని వేలు పెట్టి చూపించగలిగితే అది ఇంకా కథ కాలేదు, అచ్చయిన చాడీ. ఊరు, బట్టలు, ఊతపదం మారిస్తే ఆ పరీక్ష గట్టెక్కదు. కథలో తప్పు ఎవరు చేశారన్నది మార్చాలి. ఉన్నదాన్ని తిప్పి రాయండి: రంగు పడ్డ నక్కను పక్కనపెట్టి, దాని గురించి చెప్పుడు మాట విన్న జంతువును ముందుకు తెండి. అది ఎందుకు నమ్మింది, ఏం చూసింది, అడగాల్సిన చోట ఎందుకు అడగలేదు? ఆ జంతువు మీరే. మీకు లోపలినుంచి తెలిసిన ఒకే ఒక్క పాత్ర అది. మిగతా అందరి గురించీ మీరు ఊహించి రాస్తున్నారు.

మీ కథల్లో ఇంకో లోపం కనిపించింది. నీతి మొదటి వాక్యంలోనే తెలిసిపోతోంది. "పొగరుబోతు నెమలి ఒకటుండేది" అని మొదలుపెడితే ఇక చదివేవాళ్లకు పనేముంది? జంతువు గురించి మంచీ చెడ్డా మీరు చెప్పకండి, దాన్ని ఒక చిక్కులో పెట్టి ఏదో ఒకటి ఎంచుకోనివ్వండి. రెండు జంతువులు, మహా అయితే మూడు. ఒక కోరిక, ఒక నిర్ణయం, దానివల్లే వచ్చిన ఫలితం. నూటయాభై నుంచి రెండొందల యాభై మాటల్లో అయిపోవాలి. ఫలితం బయటినుంచి ఊడిపడకూడదు. మీ "పెరుగు-పిల్లి" కథ చివర్లో పిడుగు పడడం అలాంటిదే. కథలోకి వచ్చే జంతువుకు దాని అసలు అలవాట్లు ఉండనివ్వండి. సింహాన్ని మీరు చూసి ఉండరు. మీ ఊళ్లో దమ్ము చేసిన మాగాణిలో గేదె వెంట నడిచే తెల్లకొంగను చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. గేదె అడుగు వేస్తే ఎగిరే పురుగుల్ని కొంగ తింటుంది. గేదెకు ఆ సంగతి పట్టదు. మెస్సు బల్ల దగ్గరా, ప్రాజెక్టు బ్యాచ్‌లోనూ జరిగేవాటికి ఇందులో ఎన్ని కథలున్నాయో చూడండి.

మేడమ్‌కు ఏం చెప్పాలన్నదానిలో మీకు వీలుంది. నాలుగూ ఇవ్వనని చెప్పొచ్చు, కారణం అడిగితే "ఇంకా దిద్దాలి" అంటే చాలు. మనుషులెవరూ గుర్తుపట్టలేని రెండు కథలు దిద్ది ఇవ్వొచ్చు, ఆటో చిల్లర కథ అందుకు బాగుంటుంది. లేదంటే మీ అమ్మమ్మ చెప్పిన కథల్లో ఒకటి ఆమె మాటల్లోనే రాసి ఇవ్వొచ్చు, ఈ మూడోది మాకు బాగా నచ్చింది. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఫోన్లో రికార్డు చేసి, ఆమె ఎక్కడ ఆగింది, ఎక్కడ గొంతు మార్చింది గమనించి రాయండి. తిరగరాసిన చెప్పుడు మాటల కథ మాత్రం స్నేహితురాలికి చూపించకుండా ఇవ్వకండి. చూపించే పరిస్థితి లేకపోతే వచ్చే ఏడాది సంచిక ఉంటుంది.

మీ బ్యాచ్‌మేట్లు వీటిని చిన్నపిల్లల కథలంటున్నారని బాధపడ్డారు. అమరశక్తి అనే రాజు ముగ్గురు కొడుకులకు విష్ణుశర్మ ఆరు నెలల్లో లోకం తెలిసేలా చేయడానికి చెప్పినవని పంచతంత్రమే మొదట్లో చెప్పుకుంటుంది. మన చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక రాసినప్పుడు తీసుకున్నవి మిత్రలాభం, మిత్రభేదం. స్నేహం కలవడం, స్నేహం చెడడం. మీ వయసువాళ్లకు అంతకన్నా దగ్గరి విషయం ఏముంటుంది? విజయవాడ వెళ్లినప్పుడు ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లలో అడగండి. గ్రాంథికం మొదట కష్టంగా ఉంటుంది. పైకి చదివితే పది పేజీల్లో అలవాటవుతుంది.

నోట్‌బుక్ తగలబెట్టకండి. ఆ ఒక్క పేజీని ఏం చేయాలో మీ స్నేహితురాలినే అడగండి. చింపేయమంటే ఆమె ముందే చింపేయండి. మిగతా పుస్తకంలో ఇకమీద ఎడమ పేజీలో జరిగింది మాత్రమే రాయండి, అందులోనూ మీరు చూసింది, విన్నది, అనుకున్నది వేర్వేరు పేరాల్లో. కుడి పేజీ వారం రోజులు ఖాళీగా ఉంచి, అప్పటికీ ఆ సంగతి మనసులో ఉంటే కథ రాయండి. చాలావాటికి ఆ అవసరం రాదు. వారం ఆగితే "విన్నది" పేరాలో సగం మారిపోతుంది. పుస్తకం సూట్‌కేసులో పెట్టి తాళం వేసుకోండి.

మిగిలింది ఆమె గది మారడం. వద్దని వార్డెన్‌తో మీరు చెప్పించకండి, అది ఆమె నిర్ణయం. క్షమాపణ చెప్పిన తర్వాత కూడా మారొచ్చు. మారితే స్నేహం పోయినట్టే అనుకోకండి. మిత్రలాభంలో కాకి స్నేహం చేస్తానంటే హిరణ్యకం అనే ఎలుక మొదట ఒప్పుకోదు, నీకు నేను తిండిని కదా అంటుంది. తర్వాత కూడా ఎలుక కన్నం లోపలే, కాకి బయటే ఉండి మాట్లాడుకుంటాయి. ఆ దూరం నుంచే నమ్మకం కుదురుతుంది. ఆమె ప్రాజెక్టు మాటలకు మాత్రమే జవాబిస్తే మీరూ ప్రాజెక్టు మాటలే మాట్లాడండి. దగ్గరి దారి కోసం మూడో మనిషిని రాయబారం పంపకండి, మీ ఇబ్బంది అంతా మూడో మనిషితోనే మొదలైంది.

రివ్యూకి వారం ముందు వరకూ ఆమె ఏ మాటకూ జవాబివ్వకపోతే, మాడ్యూళ్ల కాగితం మీరే తయారు చేయండి. ఆమె చేసిన పని ఒక్కటి కూడా వదలకుండా, ఆమె పేరుతో రాయండి. బ్యాచ్ గ్రూపులో పెట్టి, "తప్పులుంటే గురువారం సాయంత్రంలోగా దిద్దండి, శుక్రవారం సార్‌కి ఇస్తాను" అని ఒక్క వాక్యం రాయండి. ఆమె దిద్దితే ఆ దిద్దుబాటుతోనే ఇవ్వండి.